చవక టికెట్ల చిట్కాలపై...

సంపాదకులకు,

పోయిన వారం పర్యాటక పేజీలో మీరు వేసిన ‘చవగ్గా విమాన టికెట్లు’ చదివి ఊరుకోలేక రాస్తున్నాను. మంగళవారం అర్ధరాత్రి కొనమన్నారు, బ్రౌజర్‌లో వెతికిన చరిత్ర దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవమన్నారు. ధరలు మారేది వాటివల్ల కాదు. ఎకానమీ సీట్లనే విమాన సంస్థలు అనేక ధరల తరగతులుగా విడగొట్టి పెడతాయి. కింది తరగతి అమ్ముడుపోతే పైది తెరుస్తాయి. చవక తరగతిలో రెండే సీట్లు మిగిలినప్పుడు నలుగురికి కలిపి వెతికారనుకోండి, నలుగురికీ పై ధరే పడుతుంది. అందుకే ముందు ఒక్కరికి వెతికి చూడాలి. తేడా కనిపిస్తే ఇద్దరిద్దరికి రెండు పీఎన్‌ఆర్‌లు తీసుకోవాలి, పిల్లల్ని మాత్రం పెద్దవాళ్ల పీఎన్‌ఆర్‌లోనే ఉంచాలి. విమానం రద్దయితే రెండింటినీ విడివిడిగా మార్పించుకోవాల్సి వస్తుంది. అసలు చెప్పాల్సిన ఈ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు!

పైగా అమెరికాకు రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే ఆదా అని రాశారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు పోయినట్టే. మధ్యలో దిగిన దేశంలో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి, దానికి ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు. పిల్లల్ని చూడటానికి ఒంటరిగా వెళ్లే తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన సలహా ఇదేనా?

టికెట్ల సైట్లు తొలి పేజీలో చూపే ధర అసలు ధరే కాదు. కన్వీనియన్స్ ఫీజు మనిషికింత చొప్పున, రానూ పోనూ వేరుగా వేస్తారు. కొన్ని సైట్లు బీమాకు ముందే టిక్ పెట్టి ఉంచుతాయి. ఆ టిక్‌లన్నీ తీసేసి, చెల్లింపు పేజీ దాకా వెళ్లి, అక్కడి మొత్తాలనే పోల్చాలి. చేతి సంచి 7 కిలోలకే పరిమితమైన టికెట్టును 15 కిలోల సామాను కలిసిన టికెట్టుతో పోల్చి చవకనుకోకూడదు.

ఈ దొంగ టిక్‌లనూ, చివర్లో బయటపడే రుసుములనూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించింది. అమలు చూసే నాథుడేడీ? పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలో 2010 నుంచీ ఛార్జీల పర్యవేక్షణ విభాగం ఉంది. అయినా ప్రతి సంక్రాంతికీ విశాఖ ఛార్జీలు మండిపోతూనే ఉన్నాయి. రోడ్లయినా, రైళ్లయినా, విమానాలైనా మన అధికారులకు ఉత్తర్వు ఇవ్వడంతోనే పని అయిపోతుంది.

రీఫండ్ లేని టికెట్టు రద్దు చేసుకున్నా, విమానం ఎక్కకపోయినా, పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగివ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. అడిగేవాళ్లే తక్కువ. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ఇది వేయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ