సన్నకుంచె బొమ్మలను ఓపికతో కొలవకండి

సంపాదకులకు నమస్కారాలు.

చైనా వారి పాతకాలపు సన్నకుంచె చిత్రకళను పూలు, పక్షులు, రాళ్ల బొమ్మలతో కొత్తగా మలుస్తున్న ఈ తరం చిత్రకారుల మీద గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెలుగు దినపత్రికలో ఇటువంటి విషయానికి అరపేజీ దొరకడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అయితే ఆ వ్యాసంలో ‘ఓపిక’ అన్న మాట ఏడుసార్లు వచ్చింది గాని, ఆ బొమ్మలు దేని మీద వేస్తారో, రంగు ఎలా పెడతారో, ఆ పద్ధతిలో ఈ తరం వారు మార్చినదేమిటో ఒక్కచోట కూడా రాలేదు. ముప్పై ఏళ్లు బెంగళూరు బడుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పినదాన్ని కనుక ఈ లోటు గురించి రాయకుండా ఉండలేకపోయాను.

ఆ కళ పేరు గోంగ్‌బి. పనితనం చూపే కుంచె అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. దీనికి ఎదురుగా షియే-యీ అనే మరో పద్ధతి ఉంది. అందులో చిత్రకారుడు నాలుగు విసుర్లలో భావాన్ని కాగితం మీదికి దించుతాడు. ఈ రెండింటి తేడా చేతి వేగంలో కనిపించడానికి ముందే కాగితంలో ఉంది. అన్‌హుయి ప్రాంతపు పచ్చి షువాన్ కాగితం మీద సిరా చుక్క పెడితే అది చుట్టూ పాకుతుంది, విసురు బొమ్మకు ఆ పాకడమే అందం. గోంగ్‌బికి అది పనికిరాదు. అందుకని కాగితానికో పట్టుగుడ్డకో జిగురు, పటిక కలిపిన నీళ్లు పట్టించి ఆరబెడతారు. అలా తయారైనదాన్ని వాళ్లు ‘ఉడికిన’ కాగితం అంటారు. దాని మీద గీత గీసిన చోటనే నిలుస్తుంది. ముందు సిరాతో గీతలన్నీ పూర్తిచేసి, తరువాత రెండు కుంచెలను ఒకే చేతి వేళ్ల మధ్య పట్టుకుని, ఒకదానితో రంగు పెట్టి, అది ఆరేలోగా రెండోదానిలోని మంచినీటితో రంగు అంచును కనిపించకుండా కరిగిస్తారు. పూత మీద పూత పడేటప్పుడు కిందిది లేచిపోకుండా మధ్యమధ్య మళ్లీ పటిక నీళ్లు పూస్తారు. ‘మూడు పటికలు, తొమ్మిది పూతలు’ అని వాళ్లలో ఒక నానుడి ఉంది.

మా పుట్టిల్లు శ్రీకాళహస్తి కనుక ఈ పద్ధతి గురించి చదివిన రోజున నాకు కలంకారీ గుర్తుకు రాక తప్పలేదు. అక్కడ గుడ్డను కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో ముంచి ఆరబెట్టేది ఎందుకు? పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు కాబట్టి. (ఆ గుడ్డల వాసన మా చిన్నతనంలో వీధి మొదట్లోనే తగిలేది, బెంగళూరులో పుట్టిన మా పిల్లలు మాత్రం ముక్కు మూసుకునేవారు.) పటిక అక్కడా ఉంది, అయితే దాని పని వేరు. పటిక నీళ్లతో గీసిన చోటనే ఎర్రరంగు గుడ్డను పట్టుకుంటుంది, తక్కినచోట ఉతుకులో పోతుంది. చైనాలో రంగును పాకకుండా ఆపేది పటిక అయితే కాళహస్తిలో ఆ పని గేదెపాలది. ఈ ఒక్క సంగతి రాసి ఉంటే మీ పాఠకులలో ఎందరో ఆ బొమ్మలను తమ వీధి అరుగు మీద కూర్చున్నంత దగ్గరగా చూసి ఉండేవారు. దానికి బదులు వ్యాసం వాటికి ‘చైనా మినియేచర్లు’, అంటే చిట్టి బొమ్మలు, అని పేరు పెట్టి ముందుకు సాగింది. గోంగ్‌బిలో సన్ననిది గీత మాత్రమే. బొమ్మ గోడ మీద నిలువెత్తున వేలాడేదీ కావచ్చు.

రెండో అభ్యంతరం ఇంతకంటె పెద్దది. ప్రకృతిని ఈ కళలోకి తెచ్చింది ఈ తరం వారేనన్న అర్థం వచ్చేలా వ్యాసం రాశారు. పదో శతాబ్దంలో షు రాజ్యపు ఆస్థాన చిత్రకారుడు హువాంగ్ చువాన్ తన కొడుకు చూసి నేర్చుకోవడానికని పిచ్చుకలు, మిడతలు, తాబేళ్లు వంటి 24 ప్రాణులను ఒకే పట్టుముక్క మీద వేసి ఇచ్చాడు. ఆ పట్టుముక్క ఇప్పటికీ బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. 1100లో సింహాసనమెక్కిన సోంగ్ వంశపు చక్రవర్తి హుయిజోంగ్ తానే గొప్ప చిత్రకారుడు. ఆస్థానంలోని వాళ్లు వేసిన నెమలి బొమ్మలను చూసి, నెమలి మిట్ట ఎక్కేటప్పుడు ముందు ఎత్తేది ఎడమ కాలు, మీరు కుడి కాలు వేశారని ఆయన తప్పు పట్టాడని పాత చైనా గ్రంథాలలో ఒక కథ ఉంది. నెమలి నిజంగా అలాగే నడుస్తుందా అని నేను ఎన్నిసార్లు చూసినా అది నాకు సరిపడా నిలబడలేదు గాని, ఆ కళ ప్రకృతిని ఎంత దగ్గరగా చూడమన్నదో ఆ కథ చెబుతుంది.

మరి పూలూ పక్షులూ వెయ్యేళ్లనాటివే అయినప్పుడు కొత్తదనం ఎక్కడ ఉన్నట్టు? అసలు వ్యాసం మొదలు కావలసింది ఇక్కడ. 1963లో పుట్టిన షూ లే గుర్రాన్ని పాతవారి గీతతోనే వేస్తాడు, కాని దాని ఒంటి నిండా నీలి పింగాణీ పాత్రల మీది లతలు పాకుతుంటాయి. ఆ గుర్రం మైదానంలో ఉండదు, తెరలు దించిన ఖాళీ గదిలో నిలబడి ఉంటుంది. గీతలో ఎక్కడా అబద్ధం లేకపోవడం వల్లనే ఆ గది మనల్ని కలవరపెడుతుంది. చెంగ్డూలో పుట్టిన హావ్ లియాంగ్ సోంగ్ కాలం నుంచి చిత్రకారులు వేస్తూ వస్తున్న షియావ్-షియాంగ్ నదీతీరపు ఎనిమిది దృశ్యాలను మళ్లీ పట్టు మీదనే వేశాడు. తామరపువ్వు వెనుక ఆకాశహర్మ్యాన్ని నిలబెట్టి దానినే ఆధునికత అనుకునేవాళ్లూ లేకపోలేదు. మీరు ముద్రించిన మూడు బొమ్మలలో ఒకటి నా దృష్టిలో ఆ కోవకు చెందినదే. మెచ్చుకోవడానికి ఓపిక ఒక్కటే కొలత అయితే మూడూ ఒకటే అవుతాయి.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే అనను. ప్రతి జనవరిలో ఇక్కడ కుమారకృపా రోడ్డులో చిత్రసంతె అనే బొమ్మల సంత జరిగినప్పుడు చూస్తుంటాను. బొమ్మ ముందు ఆగిన పదిమందిలో తొమ్మిదిమంది చిత్రకారుడిని అడిగేది ‘ఎన్ని రోజులు పట్టింది?’ అనే. కస్తూర్బా రోడ్డులో ఎవరి పేరిట గ్యాలరీ ఉందో ఆ మైసూరు చిత్రకారుడు వెంకటప్పగారి ఊటీ నీటిరంగుల బొమ్మల ముందు మా బడి పిల్లలూ అదే అడిగేవారు. అక్కడ పొగమంచు అంచు ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించమంటే మాత్రం అయిదు నిమిషాలు నోరు మెదపకుండా వెతికేవారు.

కనుక నా విన్నపాలు రెండే. ఇకమీదట ఏ బొమ్మను ముద్రించినా దాని కింద వేసిన సంవత్సరం, కొలతలు, పట్టో కాగితమో గుడ్డో ఒక పంక్తిలో ఇవ్వండి. రెండోది, మొన్నటి మొదటి బొమ్మలో కొమ్మకు పైన ఉన్న ఖాళీ భాగాన్ని, దానితోపాటు మూలనున్న ఎర్రని ముద్రను స్థలాభావం వల్ల కత్తిరించినట్టున్నారు. అందులోని పక్షి ఆ ఖాళీ వైపే చూస్తోంది. వీలైతే వచ్చే ఆదివారం ఆ బొమ్మను పూర్తిగా మరోసారి ముద్రించండి, చిన్నదిగానైనా సరే.

ఇట్లు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయిని,
మల్లేశ్వరం, బెంగళూరు