మోడల్ రైలు సంఘం, కడప: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన లేఅవుట్ (నమూనా రైళ్లు తిరిగే బల్ల) మీద కొత్త పట్టాలేవీ వేయలేదు. 1:87 కొలత (అసలు దానిలో 87వ వంతు) గూడ్స్ వ్యాగన్లకు పాతదనం తేవడం మీదే అందరం కూర్చున్నాం. పెట్టెలోంచి తీసిన వ్యాగన్ ఎంత బాగున్నా బొమ్మలాగే ఉంటుంది. అలాగని తుప్పు రంగు పులిమేస్తే పాతదైపోదు. ప్రతి మరకకీ ఒక కారణం ఉంటుంది, ముందు అది కనిపెట్టాలి.

అందుకు మనం ఎక్కడికో పోనక్కర్లేదు. ఎర్రగుంట్ల సిమెంటు మోసే మూత వ్యాగన్లు బీసీఎన్‌లు, ఆర్టీపీపీకి (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) బొగ్గు తెచ్చే, పైన మూత లేని బాక్స్‌ఎన్‌లు మన కళ్ల ముందే తిరుగుతుంటాయి. బీసీఎన్ తలుపు సందుల్లో సిమెంటు పొడి పేరుకుని, వానకు తెల్లటి చారలుగా కిందికి దిగుతుంది. బాక్స్‌ఎన్ లోపలివైపు బొగ్గు రాపిడికి రంగు నిలవదు, అంతా తుప్పే. బాగా మాసిన వ్యాగన్ మీద కూడా ఓవర్‌హాల్ (పూర్తి మరమ్మతు) తేదీ రాసిన చోట మాత్రం కొత్త రంగు చిన్న చదరంలా మెరుస్తుంటుంది. ఆ చదరం వేసిన సభ్యుల వ్యాగన్లు చూడగానే నిజమనిపించాయి.

చక్రాల మీద పెద్ద వాదనే నడిచింది. నూనె జిడ్డుతో నల్లగా ఉండాలని కొందరన్నారు. అది పాతకాలపు బేరింగుల సంగతి. ఇప్పటి రోలర్ బేరింగులకు సీలు ఉంటుంది కాబట్టి నూనె కారదు. చక్రం దుమ్ము, తుప్పు కలిసిన గోధుమ రంగులోనే ఉండాలి. పట్టాను తాకే అంచుకు మాత్రం రంగు తగలనివ్వొద్దు.

వర్క్‌షాపుల్లో అందరికీ కుదిరిన పద్ధతి ఇది. ముందు మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టి ఆరనివ్వాలి. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆక్రిలిక్ రంగును నీళ్లలా పలచన చేసి పూసి, తడి కుంచెతో పైనుంచి కిందికే లాగాలి, అడ్డంగా వద్దు. వాన నీళ్లు కారే దారి అదే కదా. ఆరాక పాస్టెల్ చాక్ గీకిన పొడి అద్ది, మళ్లీ వార్నిష్ కొట్టాలి. వార్నిష్ పడగానే పొడి సగం మాయమైనట్టు ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువే అద్దండి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. పలచని రంగు లాగేలోపే ఆరిపోయి అంచులు గీతలు కడుతుంది.

జమాఖర్చుల పుస్తకం సమావేశంలో ఉంచాం, ఎవరైనా చూడొచ్చు. ఎయిర్‌బ్రష్‌కు (గాలితో రంగు చిమ్మే పరికరం) కంప్రెసర్ కొనడానికి సభ్యుల ఆమోదం కావాలి.

వచ్చే ఏడాది పెట్రోలు మోసే ట్యాంక్ వ్యాగన్లు మొదలుపెడదాం. వాటి ఫొటోలు తీసేవాళ్లు ప్లాట్‌ఫాం మీద నుంచో, రోడ్డు వంతెన మీద నుంచో తీయండి. దయచేసి పట్టాల మీదికి ఎవరూ దిగొద్దు.

ఇట్లు,
కార్యదర్శి