ఫైళ్లను మాయం చేసి ‘పూర్తయింది’ అంటున్న మీ ఫైల్ మేనేజర్‌పై ఫిర్యాదు

హనుమకొండ

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: పొడవాటి తెలుగు పేర్లున్న ఫైళ్లను కట్ చేసి పేస్ట్ చేస్తే రెండు చోట్లా లేకుండా పోవడం గురించి.

అయ్యా,

హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేస్తుంటాను. మీ డెస్క్‌టాప్ కొన్నదే అందులో మీరు ఎక్కించి ఇచ్చే లినక్స్ ఆధారిత సిస్టమ్ కోసం. తెలుగు ఒత్తులు, గుణింతాలు చెదరకుండా చూపిస్తుంది, అందులో వంక లేదు. కానీ ఈ మధ్య వచ్చిన అప్‌డేట్ తర్వాత దాని ఫైల్ మేనేజర్ చేసిన పని వల్ల ఇద్దరు పెద్దవాళ్ల శ్రమ పోయింది.

ఇక్కడ రిటైరైన ఇద్దరు తెలుగు సార్లు ఊరూరా తిరిగి పాత శాసనాల ఫొటోలు తీస్తున్నారు. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం, పాలంపేటలో రేచర్ల రుద్రుడి 1213 నాటి శాసనం, కరీంనగర్ వైపు కుర్క్యాల బొమ్మలమ్మ గుట్ట మీద కంద పద్యాలున్న శాసనం, ఇంకా పొలాల గట్ల మీద, గుళ్ల వెనుక పడి ఉన్న ఎన్నో రాళ్లు. వాటితో పుస్తకం వేయాలని ఫొటోలన్నీ పెన్ డ్రైవ్‌లో తెచ్చిచ్చారు. రాతిలో ఏ ముఖమో, ఏ పంక్తులో అంతా ఫైల్ పేరులోనే రాసుకున్నారు. మచ్చుకు ఒకటి: ‘పాలంపేట రామప్ప గుడి రేచర్ల రుద్రుని శాసనం 1213 తూర్పు ముఖం మొదటి పంక్తి నుంచి పదో పంక్తి వరకు ఉదయం వెలుతురులో’.

నేను ఆ ఫోల్డర్‌ను కట్ చేసి నా సిస్టమ్‌లో పేస్ట్ చేశాను. గీత చివరిదాకా నిండి ‘పూర్తయింది’ అని వచ్చింది. తెరిచి చూస్తే చిన్న పేర్లున్నవే ఉన్నాయి. పెద్ద పేర్లున్నవి ఇక్కడా లేవు, పెన్ డ్రైవ్‌లోనూ లేవు.

మీ సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే పెన్ డ్రైవ్ పాడైందన్నారు. వేరేది పెట్టి, ఉత్తుత్తి ఫైళ్లతో చూశాను, అదే తీరు. సిస్టమ్ ఫార్మాట్ చేయమన్నారు. చేయలేదు. డిస్క్ చెక్ చేశాను, థంబ్‌నెయిళ్ల క్యాష్ తీసేశాను, కొత్త యూజర్ అకౌంట్ తెరిచి చూశాను. చివరికి టెర్మినల్‌లో మామూలు కాపీ కమాండ్ ఇస్తే అసలు సంగతి బయటపడింది. ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని వెంటనే చెప్పింది.

డిస్క్‌లో ఫైళ్లను దాచడానికి మీ సిస్టమ్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఒక ఫైల్ పేరుకు హద్దు 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు కావాలి. పొల్లు, గుడి, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు. పైన రాసిన పేరు, చివరి జేపీజీ కలపకుండానే, 287 బైట్లు. సార్ల పెన్ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో ఉంది. అక్కడ పేరును యూటీఎఫ్-16 అనే వేరే లెక్కలో కొలుస్తారు, హద్దు 255 యూనిట్లు, తెలుగు గుర్తు ఒక్కో యూనిటే కాబట్టి అక్కడ ఈ పేరు హాయిగా పడుతుంది. ఈ హద్దు మీరు పెట్టింది కాదని నాకు తెలుసు. సిస్టమ్ లోపలి నుంచి వచ్చిన ఆ హెచ్చరికను మీ ఫైల్ మేనేజర్ మింగేసి, కాపీ కాని ఫైల్‌ను అసలు చోటి నుంచి కూడా తుడిచేసింది. అది మాత్రం పూర్తిగా మీ తప్పు.

పోయిన ఫైళ్లను వెతికి తెచ్చే ఫొటోరెక్ ప్రోగ్రామ్‌తో ఫొటోలు చాలావరకు వెనక్కి తెచ్చాను. అయితే అది పాత పేర్లు తేలేదు, వట్టి నంబర్లు పెట్టి ఇస్తుంది. అరిగిపోయిన రాతిని దగ్గరగా తీసిన ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. “ఏది ఏ రాయిదో ఇప్పుడెట్ల యాదికొస్తది బిడ్డా” అని పెద్ద సార్ అంటే నాకు నోట మాట రాలేదు. ఫొటో లోపల మిగిలిన తేదీలను బట్టి, ఆ రోజు ఎక్కడికి వెళ్లారో వాళ్ల డైరీలో చూసుకుంటూ ఇప్పుడు మళ్లీ పేర్లు పెడుతున్నాం. కొన్ని రాళ్లు రోడ్డు పనుల్లో జరిగిపోయాయట. వాటి కోసం మళ్లీ వెళ్లినా లాభం లేదు.

ఇంత జరిగాక మీ వాళ్లిచ్చిన సలహా, ఫైళ్లకు ఇంగ్లీషులో చిన్న పేర్లు పెట్టుకోమని. తెలుగు బాగా చూపిస్తుందని చెప్పి అమ్మిన సిస్టమ్‌కు ఇది జవాబు కాదు. నాకు బాధ కలిగింది.

కాపీ పూర్తయి, సరిచూసుకున్నాకే అసలు ఫైల్ తీసేసేలా ముందు దీన్ని సరిచేయండి. పేరు పట్టకపోతే ఆగి, ఏ ఫైల్ పట్టలేదో తెలుగులో చెప్పి, అక్కడికక్కడే పేరు తగ్గించుకునే వీలివ్వాలి. అది సిద్ధమయ్యేలోపు, పొడవాటి పేర్లున్న ఫైళ్లను కట్ చేయవద్దని ఈ అప్‌డేట్ వేసుకున్న వాళ్లందరికీ సందేశం పంపండి. తెలుగే కాదు, హిందీ, తమిళం, కన్నడం, మలయాళం అక్షరాలూ మూడేసి బైట్లే. ఇది మా ఊరి సమస్య అని పక్కన పెట్టకండి.

టెర్మినల్‌లో వచ్చిన మెసేజ్‌ల కాపీ, లోపం మళ్లీ చూపించే ఉత్తుత్తి ఫైళ్లు జతపరిచాను. ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా, ఏ తేదీకల్లా సరిచేస్తారో తెలుపుతూ జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
హనుమకొండ.