రాఘవా, ఈ పుస్తకం నువ్వు చదవాల్సిందే

పెరంబూరు, చెన్నై

ఒరేయ్ రాఘవా,

ఎలా ఉన్నావ్? అమ్మగారి మోకాళ్ల నొప్పులు ఏమైనా తగ్గాయా? మొన్న ఫోన్లో "స్వాతంత్ర్యం వచ్చాక చరిత్రేముందిరా, అంతా ఎలక్షన్లేగా" అన్నావు. ఆ మాట నన్ను వదలట్లేదు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నా.

1947 తర్వాత మన దేశ రాజకీయాల మీద ఓ లావుపాటి పుస్తకం చదువుతున్నానని చెప్పాను కదా, అది పూర్తయింది. నువ్వు తేలిగ్గా తీసిపారేసిన ఆ ఎలక్షన్ల అధ్యాయమే నాకు అన్నిటికంటే నచ్చింది.

ఒక్కసారి ఊహించుకో. 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగిన మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. వాళ్లలో నూటికి 85 మందికి చదువు రాదు. ఈ భారమంతా సుకుమార్ సేన్ అనే ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) అధికారి నెత్తిన పడింది. లండన్‌లో గణితం చదివిన బెంగాలీ ఆయన. ఎన్నికలు తొందరగా కానివ్వాలని నెహ్రూకు ఆత్రం. కొంచెం ఆగండి అని ఆయనకే చెప్పాడు సేన్. చదువు రానివాళ్లు ఓటెలా వేస్తారన్నదానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడు: ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాంగ్రెస్‌కు కాడెద్దులు. ముద్ర వేసే పని లేదు, గీత గీసే పని లేదు. తెర వెనక్కి వెళ్లి, నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం పడేసి రావడమే. పొలం నుంచి నేరుగా వచ్చిన మనిషి కూడా ఎవరినీ అడక్కుండా తన ఓటు తనే వేసుకోగలిగాడు. ఆ తర్వాత ఎన్నికలు జరిపించడానికి సేన్‌ను సూడాన్ కూడా పిలిపించుకుంది.

అదే అధ్యాయంలో ఒక అంకె దగ్గర ఆగిపోయాను. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలోంచి కొట్టేశారు. ఎందుకంటే రాసుకోవడానికి వచ్చినవాళ్లకు వాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వాడి తల్లిని అని మాత్రమే చెప్పారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపువాళ్లు. బీహారులో నెల రోజులు గడువు పొడిగించారు కూడా. సేన్ పట్టు విడవలేదు. ఈసారి పోతే పోయింది, వచ్చేసారికి పేరు చెప్పుకుంటారన్నది ఆయన లెక్క. తప్పని నేను అనలేను, కానీ నాకు మింగుడు పడట్లేదు. మా నాయనమ్మను ఊరంతా కరణంగారి కోడలనే పిలిచేవారు. ఆవిడ పేరు సుభద్ర అని నాకు తెలిసింది రేషన్ కార్డు చూశాకే. ఆవిడ ఏ బీహారు పల్లెలోనో పుట్టి ఉంటే ఆ 28 లక్షల్లో ఉండేదేమో.

ఇక మన సంగతి. తెలుగువాళ్ల కథ వచ్చేసరికి పుస్తకం పరుగు పెట్టింది, అదే నా కోపం. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు చేసిన నిరాహార దీక్షను గబగబా రెండు పేజీల్లో ముగించేశారు. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూశాడు. 58 రోజులు. డిసెంబరు మొదటి వారంలో నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాస్తూ, ఈ దీక్షను నేను పట్టించుకోను అన్నాడు. పది రోజులు తిరక్కుండానే, ఆంధ్రుల కోరిక ఒప్పుకోక తప్పేట్లు లేదని అదే రాజాజీకి మళ్లీ రాశాడు. అప్పటికి శ్రీరాములు ఇంకా బతికే ఉన్నాడు రా! ప్రకటన మాత్రం ఆయన పోయి, మన జిల్లాల్లో రైళ్లు ఆగి, పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చాక, 19న వచ్చింది. ఆ మధ్య వారం రోజుల గురించే నాకు తెలుసుకోవాలని ఉంది. పుస్తకం దాన్ని ఒక్క వాక్యంలో దాటేసింది.

ఆ దీక్ష జరిగింది బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో. 1937లో మద్రాసు శాసనసభకు స్పీకరైన మనిషి, కాకినాడ ఆయన. పుస్తకంలో ఆయన పేరే లేదు. చావుకు సిద్ధపడిన మనిషిని ఇంట్లో పెట్టుకోవడమంటే మాటలా? రోజూ డాక్టర్లు, పోలీసులు, గుమ్మం నిండా జనం. అవతల ముఖ్యమంత్రి కుర్చీలో రాజాజీ. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. మైలాపూర్‌లో, రాయపేట హైరోడ్డు మీద 126వ నంబరు. పుస్తకం అయిపోయాక వచ్చిన ఆదివారం వెళ్లాను. గేటు ముందు నుంచి బస్సులు రొద పెట్టుకుంటూ పోతూనే ఉన్నాయి. పక్కన టీ తాగుతున్న ఒకాయన్ని అడిగితే "అదా, తెలుంగు ఆళ్లది" అని చెయ్యి చూపించాడు. లోపలికెళ్లి ఫోటో ముందు నిలబడితే గొంతు పట్టేసింది. మద్రాసు మనదే అని అరిచినవాళ్లకు మద్రాసు దక్కలేదు. కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. ఇక్కడే పుట్టి ఇక్కడే పోయిన శ్రీరాములు మాత్రం ఈ ఊళ్లోనే ఉండిపోయాడు.

మీ నల్గొండ రావి నారాయణరెడ్డిగారికి 1952లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న సంగతి కూడా ఇందులో లేదు. నువ్వు చదివితే ఊగిపోతావ్. ఎమర్జెన్సీ భాగం బాగుంది, కానీ మనం ఇంట్లో విన్నదే ఎక్కువ. కశ్మీరు అధ్యాయాలు నెమ్మదిగా చదువు, తొందరపడకు.

ఒక పని చేసిపెట్టు. మీ పెదనాన్నగారికి తొంభై దాటాయి కదా. 1952 ఎన్నికలప్పుడు ఓటు వయసు 21 కాబట్టి ఆయన వేసి ఉండరు, కానీ వాళ్ల నాన్నగారి వెంట వెళ్లి ఉంటారు. పెట్టెలు ఎక్కడ పెట్టారు, ఆడవాళ్లు విడిగా వచ్చారా, మీ నాయనమ్మ పేరు జాబితాలో ఏమని రాశారు, ఇవన్నీ అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు, నీ సొంత కవిత్వం కలపకు.

పుస్తకం రేపు పోస్టులో పంపుతున్నా. అంచుల్లో పెన్సిల్‌తో రాసినవి నావే, వాటి మీద నీ గొడవ కింద రాసెయ్. సంక్రాంతికి వస్తే మైలాపూర్ ఇద్దరం కలిసి వెళ్దాం.

నీ
శ్రీను