స్కాన్ చేస్తే చాలదు, పేర్లు తెలుగులో ఉండాలి

డిజిటల్ లైబ్రరీల్లో తెలుగు పరిశోధన గ్రంథాలు ఉన్నా వెతికితే దొరకవు, ఎందుకంటే చాలావాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ తప్పులతడకగా ఎక్కించారు. కాకతీయుల చెరువుల గురించి చదవాలని ఈమధ్య ఒక సైట్ తెరిస్తే శాసన సంపుటాలు, ఆయుర్వేదం, ఛందస్సు, నిఘంటువులు, పాత పత్రికలు, ఇన్ని ఒకేచోట ఉన్నాయా అని ఎంతో సంబరపడ్డాను కానీ, నాకు కావలసిన పుస్తకం 3 రోజులు వెతికాక వేరే పేరు కింద, రచయిత పేరు లేకుండా కనిపించింది. మధ్యలో పేజీలూ లేవు. 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం పుట్టిన హైదరాబాద్‌లోనే ఈ పని మొదలవ్వాలి: ఇక్కడి యూనివర్సిటీలు తెలుగు, చరిత్ర ఎంఏ విద్యార్థులకు తలా 50 పుస్తకాలు అప్పగించి పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, విషయం తెలుగు లిపిలో సరిచేయించాలి, దానికి మార్కులు కూడా ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్