పొలంలో దిగిన మా గ్లైడర్‌ను బయటికి చేర్చినవారికి కృతజ్ఞతలు

రైతు గారికి, వారి శ్రీమతికి, తమ్ముడికి, టార్చి పట్టుకుని మా వెంటే తిరిగిన చిన్నబాబుకు నమస్కారం.

శనివారం, ఇంజిన్ లేని మా గ్లైడర్ విమానాన్ని పైకి లేపే థర్మల్స్ (వేడెక్కి పైకి లేచే గాలులు) మేం అనుకున్నదానికంటే ముందే ఆగిపోయాయి. ఎత్తు తగ్గిపోతుంటే కోత అయిన మీ పొలం కనిపించింది. బరువు కోసం రెక్కల్లో నింపుకున్న బ్యాలస్ట్ నీళ్లు గాల్లోనే వదిలేసి దిగాం. దిగడం నిమిషాల్లో అయిపోయింది. గ్లైడర్‌ను విప్పి ట్రైలర్‌లోకి ఎక్కించేసరికి రాత్రి పదకొండు దాటింది.

మాది ఇద్దరు కూర్చునే ఏఎస్‌హెచ్ 25. రెక్కల నిడివి 25 మీటర్లు, బరువు ఖాళీగానే అర టన్నుకు దగ్గర. 15 మీటర్ల గ్లైడరైతే ఇద్దరు ముగ్గురు విప్పుకుని వెళ్లిపోవచ్చు. దీని రెక్కలు నాలుగు ముక్కలు. చివరి ముక్కలు తేలికే కానీ, లోపలి ముక్కను బాడీకి తగిలే కొస దగ్గర పట్టుకోవాలంటే బలమైనవాళ్లు కావాలి. మా ట్రైలర్‌తో వచ్చింది ఒక్కరే.

మొదటి చిక్కు ట్రైలర్‌తోనే వచ్చింది. అంత పొడవు బండి మీ ముందు గేటు దగ్గర తిరగలేదు. మీరు వెనక దారి చూపించి, ముందు నడుస్తూ మడమతో నేల నొక్కి చూశారు. "ఇక్కడ తేమ ఉంది, బండి దిగబడుతుంది, గట్టు దగ్గరే ఆపండి" అన్నారు. ఆ మాట వినకపోతే తెల్లారినా బయటపడేవాళ్లం కాదు. ట్రైలర్‌ను అక్కడే ఉంచి, తోక కింద డాలీ (చిన్న చక్రాల బండి) కట్టి, గ్లైడర్‌నే దాని దగ్గరికి నెట్టుకొచ్చాం. రెక్క వెనక అంచును, కాక్‌పిట్ అద్దాన్ని ముట్టుకోవద్దని ఒక్కసారి చెప్పాం. మళ్లీ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తమ్ముడు గారికి ప్రత్యేకంగా చెప్పాలి. రెక్క కొస పట్టుకోవడం చూడ్డానికి చిన్న పని. కానీ కొస కాస్త పైకి లేచినా, కిందికి వాలినా స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) మీద బరువు పడి, రెక్కల్ని కలిపి పట్టుకునే మెయిన్ పిన్ బిగుసుకుంటుంది, సుత్తితో కొట్టినా రాదు. కొట్టనూ కూడదు. ఆయన మా గొంతు విని అంగుళం పైకి, అర అంగుళం కిందికి కదుపుతూ, సరైన చోట రాయిలా నిలబడ్డారు. పిన్ చేత్తో లాగితే వచ్చేసింది. రెండో రెక్కకూ అంతే. అలవాటున్నవాళ్లే తడబడే పని అది.

అన్నీ ఎక్కించాక లెక్క చూస్తే తోకకు పెట్టే చిన్న సేఫ్టీ క్లిప్ ఒకటి తక్కువైంది. అది లేకుండా గ్లైడర్ ఎగరదు. అంతకంటే పెద్ద దిగులు, మీ పొలంలో ఇనుప ముక్క వదిలి వెళ్తున్నామని. అమ్మగారు మమ్మల్ని కంగారు పడొద్దని, గ్లైడర్ విప్పిన చోట అందరినీ వరసగా నిలబెట్టి వెతికించారు. మోళ్ల మధ్య చిన్నబాబుకే దొరికింది.

చక్రాల జాడలు పడిన చోట నేల సరిచేయడానికి వచ్చే ఆదివారం పారలతో వస్తున్నాం, వద్దనకండి. నిన్న రెక్కలు మళ్లీ బిగించి, కంట్రోల్స్ అన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాం. ఎక్కడా గీత పడలేదు. బాబు వెతికిచ్చిన క్లిప్ దాని చోట అది ఉంది.