ముందు దూరేవాడి పేరు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ క్రీడల పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ వార్త వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. సూపర్ బౌల్ (అక్కడి ఫైనల్) రోజుల్లో కాస్త ఎక్కువ చోటే ఇస్తున్నారు, సంతోషం. కానీ ఎప్పుడు చూసినా బంతి విసిరిన క్వార్టర్‌బ్యాక్, దాన్ని పట్టుకున్న రిసీవర్, చంకలో పెట్టుకుని పరిగెత్తిన రన్నింగ్ బ్యాక్, ఈ ముగ్గురి పేర్లే. ఆ రన్నింగ్ బ్యాక్‌కి ముందు ఇంకొకడు పరిగెత్తుతాడండీ. ఎదురొచ్చేవాణ్ణి ఢీకొట్టి, దారి చేసి, తను కింద పడి లేచేసరికి బంతి ఇరవై యార్డుల అవతల ఉంటుంది, కెమెరా కూడా దాని వెంటే పోయి ఉంటుంది. అతణ్ణే ఫుల్‌బ్యాక్ అంటారు. ఈ ఉత్తరం ఆ ఉద్యోగం గురించి, ముఖ్యంగా లోరెంజో నీల్ గురించి.

నీల్ కాలిఫోర్నియావాడు. ఫ్రెస్నో స్టేట్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్‌తో పాటు రెజ్లింగ్ కూడా చేశాడు. 1993లో ఎన్ఎఫ్ఎల్ లీగ్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టు అతన్ని నాలుగో రౌండ్‌లో తీసుకుంది. అక్కడి నుంచి 2008 దాకా 16 సీజన్లు, ఏడు జట్లు. అన్నేళ్లు ఆడి బంతితో పరిగెత్తింది మొత్తం వెయ్యి యార్డులు కూడా లేదు. మంచి రన్నింగ్ బ్యాక్ ఒక్క సీజన్‌లోనే అది దాటేస్తాడు. గణాంకాల పట్టిక మాత్రమే చూసేవాడు, ఇతన్ని ఇన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నార్రా బాబూ అనుకోవడం ఖాయం.

ఇప్పుడు అదే పట్టికలో పక్కవాళ్ల వరసలు చూడండి. 1997లో నీల్ న్యూయార్క్ జెట్స్‌లో ఉన్నాడు, అతని వెనక ఏడ్రియన్ మరెల్ 1,086 యార్డులు పరిగెత్తాడు. మరుసటి ఏడు టాంపా బే వెళ్లాడు, అక్కడ వారిక్ డన్ 1,026. ఆ తర్వాత రెండేళ్లు టెన్నెసీ టైటన్స్‌లో, ఎడ్డీ జార్జ్ 1,304, ఆ పైన 1,509. తర్వాత రెండేళ్లు సిన్సినాటిలో కోరీ డిలన్ ముందు, రెండుసార్లూ పదమూడు వందలు దాటాయి. 2003 నుంచి ఐదేళ్లు శాన్ డియాగో చార్జర్స్‌లో లడేనియన్ టామ్లిన్‌సన్ ముందు. టామ్లిన్‌సన్ సంగతి తెలిసిందే, 2006లో 1,815 యార్డులు, మొత్తం 31 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం), ఆ ఏడాది ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడు. అంటే వరసగా 11 సీజన్లు, ఐదు జట్లు, ఏ కోచ్ వచ్చినా, ఏ ఊరెళ్లినా నీల్ వెనక పరిగెత్తినవాడు వెయ్యి దాటాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, అది న్యాయమైనదే. మరెల్, జార్జ్, డిలన్, టామ్లిన్‌సన్ వీళ్లంతా నీల్ రాకముందు కూడా వెయ్యి దాటినవాళ్లే కదా, డిలన్ అయితే 2000లో నీల్ లేకుండానే 1,435 కొట్టాడు కదా అని. నిజమే. ముందు వరుసలో ఐదుగురు లైన్‌మెన్ కూడా ఉంటారు, వాళ్ల కష్టం కూడా నీల్ ఖాతాలో వేసేస్తే అది ఇంకో అన్యాయం. ఎవరి వాటా ఎంతో తేల్చే లెక్క ఆ స్కోరుకార్డులో లేదు. క్రికెట్‌లో అవతలి ఎండ్‌లో నిలబడి వికెట్ కాపాడినవాడికి కనీసం భాగస్వామ్యం అని ఒక వరస ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. అందుకే నేను లెక్క వదిలేసి ఇంకోటి చూస్తాను: కోచ్‌లు ఏం చేశారు? ఒక జట్టు వదిలితే ఇంకో జట్టు తీసుకుంది, అదీ 16 ఏళ్లపాటు, రన్నింగ్ బ్యాక్‌లే ముప్ఫై దాటితే ముసలివాళ్ల కింద జమకట్టే లీగ్‌లో. కోచ్‌లు మొహమాటానికి ఎవరినీ జట్టులో పెట్టుకోరు.

అతను చేసిన పని ఎలా ఉంటుందో ఒక్క ఆటలో చెబుతాను. ఐ ఫార్మేషన్ అంటారు. బంతి అందించే సెంటర్ వెనక క్వార్టర్‌బ్యాక్, అతనికి సుమారు నాలుగు యార్డుల వెనక ఫుల్‌బ్యాక్ చెయ్యి నేలకు ఆనించి, ఇంకో మూడు యార్డుల వెనక రన్నింగ్ బ్యాక్ నిలబడి, అందరూ ఒకే గీత మీద. బంతి కదలగానే లైన్‌మెన్‌లో గార్డు అనేవాడు ఒక పక్కకి, టాకిల్ అనేవాడు ఇంకో పక్కకి ఎదుటివాళ్లను తోస్తారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు ఏర్పడుతుంది. ఆ సందు మూయడానికి అవతలి నుంచి లైన్‌బ్యాకర్ వస్తాడు, 240 పౌండ్ల మనిషి, పూర్తి వేగంతో. ఇటు నుంచి ఫుల్‌బ్యాక్ దూరతాడు. ఇద్దరిలో ఎవరూ వేగం తగ్గించరు, తగ్గించినవాడి పని అయిపోయినట్టే. ఎవరి భుజం కిందగా తగిలితే వాడిదే పైచేయి. నీల్ పొడవు ఆరడుగులు కూడా లేదు, బరువు మాత్రం 250 పౌండ్ల పైనే. రెజ్లింగ్ అలవాటుతో మోకాళ్లు వంచి, అవతలివాడి ఛాతీ కిందకి దూరి, కాళ్లు ఆపకుండా తొక్కుతూ అతన్ని వెనక్కి లేపేసేవాడు. వెనక వచ్చేవాడు నీల్ వీపు చూసుకుని ఎటు తిరగాలో తేల్చుకుంటాడు. అంతా కలిపి రెండు సెకన్లు. తర్వాత లేచి, హెల్మెట్ సర్దుకుని మళ్లీ అదే చోటికి. ఇలా ఒక మ్యాచ్‌లో ఎన్నిసార్లో, 16 ఏళ్లలో ఎన్నిసార్లో మీరే ఊహించుకోండి.

నీల్ బంతి పట్టుకున్న ఒక ఆటను అమెరికాలో ఇప్పటికీ చూపిస్తుంటారు, అందులోనూ అతని పేరు ఎవరికీ గుర్తుండదు, అది ఇంకో విచిత్రం. 2000 జనవరి 8, నాష్‌విల్‌లో టైటన్స్‌కి, బఫలో బిల్స్‌కి ప్లేఆఫ్ మ్యాచ్. 16 సెకన్లు మిగిలి ఉండగా బిల్స్ 16-15తో ముందుకెళ్లింది. తర్వాతి కిక్‌ని పట్టింది నీల్. పట్టి ఫ్రాంక్ వైచెక్ చేతికిచ్చాడు, వైచెక్ మైదానం అడ్డంగా కెవిన్ డైసన్‌కి విసిరాడు, డైసన్ 75 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్. అలాంటప్పుడు బంతిని ముందుకు విసరకూడదు, అది ముందుకు విసిరిన బంతా కాదా అని ఇప్పటికీ గొడవే. మ్యూజిక్ సిటీ మిరకిల్ అనగానే వైచెక్, డైసన్ పేర్లు చెబుతారు. ఆ ఎత్తు కిక్‌ని నీల్ జారవిడిచి ఉంటే మిరకిలూ లేదు, ఆ నెలాఖరున టైటన్స్‌కి సూపర్ బౌలూ లేదు.

అందరూ మరిచిపోతారని కూడా అనను. డల్లాస్ కౌబాయ్స్ ఫుల్‌బ్యాక్ డారిల్ జాన్‌స్టన్‌ని అభిమానులు మూస్ అని పిలిచేవారు, అతని చేతికి బంతి రాగానే స్టేడియం మొత్తం మూ...స్ అని సాగదీసి అరిచేది, అది గేలి చేసే బూ...లా వినిపించి కొత్తగా వచ్చినవాళ్లు ఇదేంటి సొంత ఆటగాణ్ణే గేలి చేస్తున్నారు అనుకునేవారట! లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 18,355 యార్డులు పరిగెత్తిన ఎమ్మిట్ స్మిత్, 2010లో మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరుతూ మాట్లాడినప్పుడు జనంలో కూర్చున్న జాన్‌స్టన్ వైపు తిరిగి కన్నీళ్లు పెట్టుకున్నాడు. జాన్‌స్టన్ కూడా ఏడ్చాడు. మూడు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టులో ఇద్దరూ కలిసి ఆడారు. స్మిత్ మెడ బాగానే ఉంది, జాన్‌స్టన్ కెరీర్ మెడ దెబ్బతోనే ముగిసింది. టాంపా బే అభిమానులు నెత్తిన పెట్టుకున్న మైక్ ఆల్‌స్టాట్‌దీ అదే కథ, అతన్ని కూడా ఆటకు దూరం చేసింది మెడే.

మెడ దెబ్బతో ఆట మానినవాళ్లు అదృష్టవంతులు అనాల్సి వస్తుంది కెవిన్ టర్నర్ సంగతి తెలిస్తే. 1992 నుంచి 1999 దాకా న్యూ ఇంగ్లండ్‌కి, ఫిలడెల్ఫియాకి ఫుల్‌బ్యాక్‌గా ఆడాడు. 2010లో ఏఎల్ఎస్ అని తేలింది, అంటే కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు. తలదెబ్బల మీద మాజీ ఆటగాళ్లు లీగ్‌పై వేసిన దావాలో అతను ముందు నిలిచినవాళ్లలో ఒకడు. 2016 మార్చిలో 46 ఏళ్లకే చనిపోయాడు. తర్వాత బోస్టన్ యూనివర్సిటీ వైద్యులు అతని మెదడు పరీక్షించి తీవ్రమైన సీటీఈ ఉందని చెప్పారు, పదే పదే తలకు తగిలే దెబ్బలతో వచ్చే జబ్బు అది. నేను ఈ ఆటను ఇష్టపడతాను, అయినా ఈ విషయం దాటవేసి ఫుల్‌బ్యాక్ గొప్పతనం గురించి రాస్తే అది భజన అవుతుంది. పైన నేను అంత ఉత్సాహంగా వర్ణించిన రెండు సెకన్ల ఢీ ఉంది చూశారా, ఆ జీతం తీసుకునేది దానికే, తర్వాత మూల్యం చెల్లించేదీ దానికే.

ఇప్పుడా ఉద్యోగమే తగ్గిపోయింది. ముగ్గురు రిసీవర్లను మైదానమంతా పరిచి బంతి విసరడం ఎక్కువయ్యాక, 53 మంది జట్టులో ఫుల్‌బ్యాక్‌కి ఒక చోటు కేటాయించడం దండగ అని చాలా జట్లు అనుకుంటున్నాయి. ఉన్నవాళ్లు కూడా కిక్‌ఆఫ్‌లకు పరిగెత్తాలి, పాసులు పట్టాలి, ఒక్కోసారి లైన్ చివర నిలబడే టైట్ ఎండ్ పని కూడా చేయాలి. హార్వర్డ్‌లో చదివిన కైల్ యూస్‌చెక్ ఇవన్నీ చేస్తాడు కాబట్టే 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ అతనికి నాలుగేళ్లకు 2.1 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది, ఒక ఫుల్‌బ్యాక్‌కి అంత డబ్బా అని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. తర్వాత అతను ఉన్న జట్టు రెండు సూపర్ బౌల్స్ ఆడింది. బాల్టిమోర్‌లో పాట్రిక్ రికార్డ్ అనే ఆటగాడైతే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని డిఫెన్సివ్ లైన్‌మ్యాన్, 300 పౌండ్ల మనిషిని ఫుల్‌బ్యాక్‌గా మార్చారు. 2019లో ఆ జట్టు 3,296 యార్డులు పరిగెత్తి లీగ్ రికార్డు కొట్టింది. పేపర్లలో క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ ఫొటో వచ్చింది, రావాల్సిందే, పక్కన ఇంకో చిన్న ఫొటో పడితే పోయేదేముంది.

నీల్‌కి నాలుగుసార్లు ప్రో బౌల్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ల ఎంపిక) దక్కింది, 2000 దశకపు ఉత్తమ జట్టులోనూ చోటిచ్చారు. హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం కాదు. అక్కడ ఫుల్‌బ్యాక్‌లు లేరా అంటే ఉన్నారు, జిమ్ బ్రౌన్, లారీ జోంకా, ఫ్రాంకో హ్యారిస్ లాంటివాళ్లు. కానీ వాళ్లంతా బంతి మోసి పేరు తెచ్చుకున్నవాళ్లు. దారి చేయడమే పనిగా బతికిన ఫుల్‌బ్యాక్ ఒక్కడూ లేడు. ఆటలో ఆ పని ఉన్నప్పుడు, దాన్ని అందరికంటే ఎక్కువ కాలం, అందరికంటే బాగా చేసినవాడికి తలుపు తీయకపోవడానికి కారణం నాకైతే కనబడదు, యార్డులు లేవు అనే ఒక్క మాట తప్ప. ఆ యార్డులు వేరేవాళ్ల పేరు మీద ఉన్నాయి, అంతే.

మీరు హాల్ ఆఫ్ ఫేమ్‌ని మార్చలేరు, ఆ సంగతి నాకు తెలుసు. నేను అడిగేది చిన్నది. ఈసారి ఎవడో రన్నింగ్ బ్యాక్ నూటయాభై యార్డులు కొట్టాడని వార్త వేసేటప్పుడు ఆ ఆట వీడియో ఒకసారి చూసి, ముందు దూరింది ఎవరో కనుక్కుని, వార్తలో చివరి లైన్‌లో అయినా ఆ పేరు వేయమని మీ స్పోర్ట్స్ డెస్క్‌కి చెప్పండి.

ఇట్లు,
మీ క్రీడల పేజీ పాఠకుడు